తేదీ లేని సాక్ష్యం

హల్దా పెటింగిల్ పోయిన మార్చిలో కన్నుమూసింది. జిల్లా పత్రికలో నాలుగు వరుసలు వేశారు. బీచ్ హిల్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు చదువు చెప్పిందని రాశారు, అది నిజమే. చిన్ననాటి నుంచీ క్రైస్తవ సంఘంలో సభ్యురాలని రాశారు, అది తప్పు. రాసిన మనిషి పట్నంలో కూర్చుని రాశాడు, అతన్ని అని లాభం లేదు. కానీ నేను వడ్రంగిని. తప్పు కొలతతో కోసిన చెక్క కంట పడితే ఊరుకోలేను.

ఆమె మా ఊరు వచ్చింది పద్దెనిమిది వందల ముప్పై రెండులో, మే నెలలో. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు, నాకు నాలుగు. మా కొండల్లో బడిపంతులికి ఇల్లంటూ ఇవ్వరు. ఏ ఇంటి నుంచి ఎంతమంది పిల్లలు బడికొస్తే ఆ ఇంట్లో అన్ని వారాలు బస. మా ఇంట్లో ఐదుగురం, కాబట్టి ఐదు వారాలు. ఆమె సామానంతా ఒక తోలు సంచి, అందులో బైబిలు, రెండు గౌన్లు, ఒక కొలబద్ద, సొంత కొవ్వొత్తులు. ఎవరింటి దీపాన్నీ ఎక్కువసేపు వెలిగించకూడదని ఆమె కొవ్వొత్తులు ఆమే తెచ్చుకునేది. పొద్దుపోయాక ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. మా అమ్మ చిక్కుడు గింజలు ఒలుస్తుంటే వచ్చి పక్కన కూర్చునేది, చేతులు ఆడుతుండగానే మాకు లెక్కలు వల్లె వేయించేది.

మొదట్లో వేసవి బడి ఒక్కటే ఆమెది. చలికాలం బడికి మగ పంతులు వచ్చేవాడు. పంటలు ఇల్లు చేరాక మీసాలొచ్చిన కుర్రాళ్లు కూడా బడికి వస్తారు గనుక ఆడమనిషి వల్ల కాదని ఊరి నమ్మకం. మూడో ఏడు చలికాలం పంతులు డిసెంబరు మధ్యలో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. తాత్కాలికంగా అని ఆమెను పిలిచారు. ఆ తాత్కాలికం ఆమె మానేసేదాకా సాగింది.

ఆ చలికాలమే ఆమె సంఘ పెద్ద జోథమ్ స్టిక్నీ ఇంట్లో మూడు వారాలు బస చేసి మా ఇంటికి వచ్చింది. ఆయన్ని ఊరంతా పెద్దగారు అనేవాళ్లు. నిప్పు దగ్గర కూర్చోబెట్టి మా అమ్మ అడిగింది:

"స్టిక్నీ వాళ్లింట్లో ఎలా జరిగిందమ్మా?"

"చాలా శుభ్రమైన ఇల్లండీ. పొద్దున్నే నా గదిలో నీళ్ల చెంబులో గడ్డకట్టిన మంచు కూడా అద్దంలా ఉండేది."

మా అమ్మ నవ్వాపుకోలేక చేతిలో గరిటె కింద పడేసింది. హల్దా మాత్రం నవ్వలేదు. అబద్ధం చెప్పకుండా, ఎవరినీ తిట్టకుండా, ఉన్నమాట చెప్పేసి ఊరుకోవడం ఆమె అలవాటు.

నాకు ఇరవై ఏళ్లొచ్చి సొంతంగా పని మొదలుపెట్టాక ఒక సాయంత్రం నా కొట్టుకు వచ్చింది. చేతిలో ముళ్లు వేసిన దారం.

"ఆల్వా, బడికి బెంచీలు చేయాలి."

"ఉన్నాయిగా పంతులమ్మా."

"అవి కూర్చోడానికి కాదయ్యా, దిగడానికి. ఎప్పుడు దిగుదామా అని పిల్లలు రోజంతా అదే ఆలోచన. కాళ్లు గాల్లో వేలాడుతుంటే బుద్ధి నేలమీద ఎలా నిలుస్తుంది?"

దారంలో మూడు ముళ్లున్నాయి. బడిలో పిల్లలందరికీ మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచి, చిన్నవాళ్లకు ఒకటి, నడిమివాళ్లకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటిగా మూడు ఎత్తులు తేల్చుకుని వచ్చింది. నాకు పని నేర్పిన మేస్త్రీ కూడా అంత జాగ్రత్తగా కొలిచేవాడు కాదు. బడి కమిటీ ఒప్పుకుంటుందా అని అడిగాను. ఆ సంగతి తను చూసుకుంటానంది.

ఎలా చూసుకుందో ఊరంతా చూసింది. బడి ముగిసే రోజున కమిటీ పెద్దలు ముగ్గురూ వచ్చి పిల్లల్ని పరీక్షించడం ఆనవాయితీ. ఆ రోజు పెద్దలు కూర్చునే బెంచీ కింద నాలుగు దుంగ ముక్కలు పెట్టించింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి ఒప్పజెబుతుంటే ముగ్గురు పెద్దమనుషులూ కాళ్లు ఊపుకుంటూ గంటన్నర కూర్చున్నారు. చివరికి వాళ్లలో ఒకడైన స్టిక్నీ పెద్దగారే అన్నాడు:

"హల్దా, ఈ బెంచీ మరీ ఎత్తుగా ఉంది. తొడలు తిమ్మిరెక్కాయి."

"అవునండీ పెద్దగారూ. చిన్నపిల్లలు కూడా అదే అంటారు."

ఆయన కిందికి దిగి, వంగి దుంగ ముక్కల్ని చూశాడు. తర్వాత, "వడ్రంగికి చెప్పు" అన్నాడు. న్యాయమైన మనిషి. ఆయన గురించి ముందు ముందు చెప్పబోయేది చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక సంఘం సంగతి. ఆమెలా గుడికి వచ్చినవాళ్లు మా ఊళ్లో లేరు. వసంతంలో బండిచక్రాలు ఇరుసుల దాకా బురదలో దిగబడే రోజుల్లో కూడా నడిచి వచ్చేది. ఆదివారం చిన్నపిల్లల తరగతి ఆమెదే. ఇంకా అక్షరాలు రాని పిల్లలకు బైబిలు వాక్యాలు నోటితో నేర్పేది. రొట్టెను కప్పే తెల్లగుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేది కూడా ఆమే. కానీ రెండు నెలలకోసారి ప్రభువు బల్ల పరిచి సభ్యులకు రొట్టె, ద్రాక్షరసం పంచినప్పుడు ఆమె లేచి వెనక వరసలోకి వెళ్లి, సభ్యులు కానివాళ్లతో, పిల్లలతో కూర్చునేది.

కారణం మా సంఘం నియమం. బల్లలో చేరాలంటే సాక్ష్యం ఇవ్వాలి. దేవుడు తన మనసును ఎప్పుడు, ఎక్కడ, ఎలా మార్చాడో సంఘం ముందు చెప్పాలి. మగవాళ్లు నిలబడి చదువుతారు. ఆడవాళ్లు కాగితం మీద రాసిస్తే పాస్టరు గారు చదువుతారు. ఎవరిదైనా ఒకటే దారి: ముందు చీకటి, తర్వాత భయం, కన్నీళ్లు, తర్వాత ఫలానా రోజు ఫలానా చోట వెలుగు. పొలంలోనో, పశువులపాకలోనో, వాగు గట్టునో. రోజు మాత్రం కచ్చితంగా ఉండాలి.

హల్దాకు రోజు లేదు. ఉన్నట్టు ఆమె రాయలేదు.

విచిత్రమేమంటే ఊళ్లోవాళ్ల సాక్ష్యాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లేవి. రాయడం అంతగా రానివాళ్లు ఆమె దగ్గరికి వచ్చి చెబితే ఆమె రాసిపెట్టేది. రాయడం వచ్చినవాళ్లు చిత్తు తెచ్చి దిద్దించుకునేవాళ్లు. నేను కూడా పదహారో ఏట, ఊరంతా ప్రార్థన సభలతో ఊగిపోతున్న చలికాలంలో, నా కాగితం పట్టుకెళ్లాను. మా పెదనాన్న కొడుకు ఓరిన్ అప్పటికి నెల ముందే చేరాడు. మా మేత బీడులో బీచి చెట్టు కింద ఉండగా పిడుగు పడిందనీ, ఆ వెలుగులో దేవుడు తనను పిలిచాడనీ అతని సాక్ష్యం. నా స్నేహితులందరూ చేరిపోతున్నారు. నేనొక్కణ్ణే వెనక వరసలో పిల్లలతో మిగిలాను. నా మనసులో పిడుగులేమీ పడలేదు. ఓరిన్‌కు పడిన పిడుగునే తీసుకుని, చెట్టును వాగు గట్టుకు మార్చి, తేదీ రెండు వారాలు ముందుకు జరిపాను.

హల్దా చదివింది. కాగితం మీద నుంచి కళ్లెత్తి అడిగింది: "ఆల్వా, ఇది నీదేనా?"

"నాదే పంతులమ్మా."

ఆమె ఇంకేమీ అడగలేదు. రెండు చోట్ల దిద్ది, శుభ్రంగా తిరగరాసి ఇచ్చింది. ఆ వారం సంఘ సభలో పది నిమిషాల్లో నన్ను చేర్చుకున్నారు. అప్పటి నుంచి ఆమె ఉతికిన గుడ్డ కింది రొట్టె నేను తింటుంటే ఆమె వెనక కూర్చునేది. పన్నెండేళ్లు అలా జరిగింది. అలవాటైన తప్పు మేకు లాంటిది. చెక్కలోకి దిగాక తల కూడా కనబడదు.

యాభై ఆరులో కొత్త పాస్టరు వచ్చారు. థేయర్ గారు. చదువుకున్న కుర్రవాడు, చెడ్డవాడేమీ కాదు. వస్తూనే ఒక తీర్మానం పెట్టించారు: ఆదివారం తరగతులు చెప్పేవాళ్లు సంఘ సభ్యులై ఉండాలి, కానివాళ్లు వచ్చే బల్లలోపు చేరాలి, లేకపోతే తరగతి వేరేవాళ్లకు ఇవ్వాలి. పట్నం సంఘాల్లో అలాగే ఉందట. చెప్పేవాళ్లలో సభ్యురాలు కానిది హల్దా ఒక్కతే. బల్లకు ఆరు వారాలుంది.

ఆ వారాల్లోనే ఆమె మా ఇంట్లో బసకు వచ్చింది. అప్పటికి నాకు పెళ్లై, మా అమ్మాయి డ్రూసిల్లా బడికి వెళుతోంది. శనివారం సాయంత్రం భోజనానికి కూర్చున్నాం. ఉడికిన చిక్కుళ్లు, నల్ల రొట్టె. నా భార్య లవీనాకు మనసులో మాట దాచడం తెలియదు.

"పంతులమ్మా, నాలుగు వాక్యాలు రాసిపారేస్తే పోదా? మా అందరికీ రాసిపెట్టావు. నీకు నువ్వు రాసుకోలేవా?"

"మీ అందరివీ రాశాను కాబట్టే లవీనా, నాది రాయలేకపోతున్నా. ఏ వాక్యం వెనక ఏ వాక్యం వస్తుందో నాకు కంఠతా వచ్చు. కన్నీళ్లు ఎన్నో వరుసలో వస్తాయో కూడా తెలుసు."

"దేవుడికి తెలియదా నీ సంగతి? ఆ పిల్లల కోసమైనా రాయకూడదూ!"

"ఆ పిల్లలకే కదమ్మా, అబద్ధం ఆడకూడదని చెబుతున్నాను."

"నీ జాగాలో ఎవరిని పెడతారో తెలుసా? స్టిక్నీ గారి కోడల్ని. ఆవిడ నోరు తెరిస్తే పిల్లలు పక్క తడుపుతారు."

"అలా అనకు. ఆవిడ గొంతు పెద్దదంతే," అంది హల్దా. చేతిలో చెంచా బల్ల మీద పెట్టి, నేనెప్పుడూ వినని గొంతుతో అంది: "ఆ తరగతి నాకు కావాలి లవీనా. బల్ల కూడా కావాలి. ఇరవై నాలుగేళ్లుగా కావాలి. కావాలి కదా అని లేనిది తేలేను."

నేను పళ్లెంలోంచి తల ఎత్తలేదు. డ్రూసిల్లా, "నాన్నా, చిక్కుళ్లు చల్లారిపోతున్నాయి" అంది.

బల్లకు ముందు శుక్రవారం మధ్యాహ్నం సంఘం కూడింది. మగ సభ్యులు ఇరవై ఆరుగురం వచ్చాం. ఆడవాళ్లు మరోవైపు కూర్చున్నారు. వాళ్లకు ఓటు లేదు. ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడరు. ఆ రోజు సాక్ష్యం ఇచ్చేది హల్దా ఒక్కతే. కాగితం పాస్టరు గారి చేతికిచ్చి నిలబడింది. ఆయన మడత విప్పి చదివారు.

"దేవుణ్ణి నేను ఏ రోజు నమ్మడం మొదలుపెట్టానో నాకు తెలియదు. నమ్మని రోజు ఒక్కటీ గుర్తు లేదు. చీకటి రోజులు ఉన్నాయి, కానీ వాటిలో కూడా ఆయన పక్కనే ఉన్నాడని అనుకున్నాను. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ మాటతో నన్ను చేర్చుకుంటే సంతోషం."

పాస్టరు గారు కాగితం తిప్పి వెనక ఏమైనా ఉందేమో చూశారు. ఏమీ లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. స్టిక్నీ పెద్దగారు లేచాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర పడుతోంది.

"హల్దా మంచితనం గురించి ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు. నా పిల్లలు ఏడుగురికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. కానీ ఈ నియమం మన తాతలు పెట్టింది. మారిన మనసంటే కొత్త పుట్టుక. హల్దా, నిన్నే అడుగుతున్నా. పుట్టినరోజు లేని బిడ్డ ఉంటుందా?"

అడిగాడు కాబట్టి ఆమె జవాబు చెప్పవచ్చు.

"ఉండదండీ పెద్దగారూ. కానీ ఆ రోజు బిడ్డకు గుర్తుండదు. కన్నవాళ్లకు గుర్తుంటుంది. ఆయనకు గుర్తుంటే నాకు చాలు."

ఆడవాళ్ల వైపు ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. పెద్దగారు ఒకసారి తలూపాడు. తర్వాత, "మాట బాగుంది. కానీ నియమం నియమమే," అని కూర్చున్నాడు. ఇంకో బల్ల దాకా ఆగుదామని, ఈలోగా ఆమె ప్రార్థనలో ఆ రోజును వెతుక్కోవచ్చని ఎవరో అన్నారు. నలుగురైదుగురు తలలూపారు. అంటే తరగతి పోయినట్టే. హల్దా ఇంకా నిలబడే ఉంది. ఆమె చేతులు గౌను మడతల్ని పట్టుకుని ఉన్నాయి. ఆ చేతులు ఏ పనీ లేకుండా ఉండటం నేను చూడలేకపోయాను.

లేచాను. మాటలు నాకు చేతకావు. సభలో అంతకుముందు నోరు తెరిచింది ఒక్కసారే, నా సాక్ష్యం చదివిన రోజున.

"నా రోజు అబద్ధం," అన్నాను.

"ఏంటయ్యా?" అన్నాడు పెద్దగారు.

"పన్నెండేళ్ల కిందట వాగు గట్టున పిడుగు పడిందని చదివాను. పడలేదు. ఆ సాక్ష్యం ఓరిన్‌ది. చెట్టు మార్చాను, తేదీ మార్చాను. మీరు నన్ను పది నిమిషాల్లో తీసుకున్నారు. దొంగ తేదీకి బల్ల ఇచ్చి, నిజం చెప్పిన ఆవిడ్ని వెనక కూర్చోబెట్టారు. బయట ఉండాల్సింది నేను. ఆవిడ కాదు."

ఓరిన్ రెండు వరసల ముందు కూర్చున్నాడు. వెనక్కి తిరిగి, "ఒరేయ్, నా పిడుగా?" అన్నాడు. కొందరు నవ్వారు. పెద్దగారు నవ్వలేదు. ఆయన నన్ను చూస్తున్నాడని అనుకున్నాను గానీ, ఆయన చూపు నన్ను దాటి ఇంకెక్కడో ఉంది.

"ఇంకెవరైనా ఉన్నారా ఇలాగ?" అని అడిగాడు చివరికి.

ఎవరూ లేవలేదు. కానీ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. తర్వాత నిదానంగా, వెనక నుంచి పాల వ్యాపారి ఒకతను అన్నాడు: "పెద్దగారూ, ఓటు పెట్టండి. కూర్చున్నకొద్దీ ఇంకేం బయటపడుతుందో."

ముందు హల్దా విషయం. చేర్చుకోవాలన్నవాళ్లు పదిహేడుగురు చేతులెత్తారు. వద్దన్నవాళ్లు ఎనిమిది మంది, వాళ్లలో స్టిక్నీ పెద్దగారు ఒకడు. ఎత్తిన చెయ్యి దించకుండా, లెక్క పూర్తయ్యేదాకా నిటారుగా పట్టుకున్నాడు. ఒకతను ఏ చెయ్యీ ఎత్తలేదు. తర్వాత నా విషయం. అబద్ధపు సాక్ష్యం ఇచ్చినందుకు రెండు బల్లల పాటు నన్ను దూరంగా ఉంచాలని పెద్దగారే ప్రతిపాదించాడు. అందరూ చేతులెత్తారు. నేను కూడా ఎత్తాను, న్యాయమే కదా.

బయట మెట్ల దగ్గర హల్దా నా కోసం ఆగింది.

"పన్నెండేళ్లు పట్టిందయ్యా నీకు."

"మీకు అప్పుడే తెలుసా?"

"ఓరిన్ కాగితం రాసింది ఎవరనుకున్నావు? ఒకే పిడుగు రెండుసార్లు పడటం నాకు తెలియదా!"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"పక్కవాడి పలక చూసి రాసినవాణ్ణి పట్టుకోవడం బడిలో నా పని. ఇది బడి కాదు. ఇక్కడ ఎవరిది వాళ్లే చెరుపుకోవాలి." కాస్త దూరం నడిచాక మళ్లీ అంది, "నీ వల్ల నాకు మేలు జరిగింది ఆల్వా. కానీ నువ్వు లేచింది నా కోసమే అయితే సగం పనే అయింది."

ఆ మాట నాకు అప్పుడు కోపం తెప్పించింది. తర్వాత అర్థమైంది, సరిగ్గా అర్థమవడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆదివారం గుడి నిండిపోయింది. ఎండ బాగా కాసింది. కిటికీలు తెరిచారు. బల్ల పరిచాక నేను లేచి వెనక వరసకు వెళ్లాను. డ్రూసిల్లా తన పక్కన చోటు చూపించి, "నాన్నా, ఇక్కడ కాళ్లు ఊపకూడదు" అని చెవిలో చెప్పింది. ముందు వరసల్లో హల్దా కూర్చున్న చోటు నాకు కనబడుతోంది. నల్ల టోపీ, దాని కింద మెడ. ముఖం కనబడదు.

మా సంఘంలో రొట్టె పళ్లెం వరస వరసకూ తీసుకెళ్లేది పెద్దలే. ఆ వైపు స్టిక్నీ గారిది. వద్దని చెయ్యెత్తిన మనిషే ఆమె ముందు ఆగాలి. ఒక్కో వరస దాటుకుంటూ వచ్చాడు. మామూలుగా పళ్లెం వరస చివర ఉన్నవాళ్ల చేతికిచ్చి నిలబడతాడు, వాళ్లే ఒకరికొకరు అందించుకుంటారు. ఆ రోజు అలా ఇవ్వలేదు. వరసలోకి ఆయనే వెళ్లాడు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి, కూర్చున్నవాళ్ల కాళ్లు తప్పించుకుంటూ ఆమె దాకా వెళ్లి, పళ్లెం రెండు చేతులతో పట్టుకుని వంగాడు.

"తీసుకో హల్దా," అన్నాడు. ఆ సమయంలో పెద్దలు మాట్లాడరు. ఆ గొంతు వెనక దాకా వినబడింది.

ఆమె తీసుకుంది. ఆయన మళ్లీ అలాగే వెనక్కి నడిచి వచ్చి, తర్వాతి వరసకు వెళ్లాడు.

పళ్లెం నా దాకా రాలేదు. డ్రూసిల్లా చెయ్యి నా చేతిలో ఉంది. ఆరాధన అయ్యాక హల్దా ఎవరితోనూ ఆగి మాట్లాడకుండా, పిల్లల్ని పిలుచుకుని నేరుగా తరగతి గదికి వెళ్లింది. పదకొండు మంది ఆమె వెనకే వెళ్లారు. కాసేపటికి తెరిచిన కిటికీలోంచి వాళ్లు వాక్యం వల్లించడం వినబడింది, ముందు ఆమె గొంతు, తర్వాత వాళ్లందరిదీ.